పాటకు తొలి పాఠం: ఇంటి రికార్డింగు, డెమో

ఒక సంగీతకారుడు తన పాటలను స్టూడియోకు తీసుకువెళ్లక ముందే, ఇంట్లో, చేతికి అందిన వాద్యంతోనూ ఉన్న పరికరంతోనూ పాడి నిలుపుకొనే తొలి రికార్డింగును డెమో అంటారు. పాట ఏ శృతిలో కుదిరింది, పల్లవి ఎంత నిడివి ఉండాలి, చరణానికీ చరణానికీ మధ్య ఏ వాద్యం పలకాలి అన్న సంగతులను తోటి కళాకారులకు, ధ్వనిముద్రణ చేసే ఇంజనీరుకు, డబ్బు పెట్టే సంస్థకు వినిపించడానికే ఇది మొదట పుట్టింది గనుక, పని పూర్తయ్యాక దీన్ని దాచుకోవాలన్న పట్టింపు చాలాకాలం పెద్దగా లేదు. అయితే గత కొన్ని దశాబ్దాల్లో, ముఖ్యంగా ఇండీ సంగీతం అని పిలిచే రంగంలో, అంటే సినిమా సంస్థ గాని పెద్ద రికార్డు కంపెనీ గాని అండగా లేకుండా తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడి, తానే విడుదల చేసుకునే కళాకారుల రంగంలో, ఈ ఇంటి రికార్డింగులను ఆల్బమ్‌తో పాటు శ్రద్ధగా వినే అలవాటు బలపడింది. ఆ శ్రద్ధ సమంజసమైనదే. పూర్తయిన ఆల్బమ్ పాట ఎలా ఉందో చెబుతుంది. పాట అలా ఎందుకు తయారైందో చెప్పగలిగేది డెమో ఒక్కటే.

తెలుగు సాహిత్య పరిశోధనకు ఇలాంటి ఆలోచన కొత్తది కాదు. ఒకే కావ్యానికి దొరికిన వేర్వేరు తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పదంలోనో పాదంలోనో కనిపించే తేడాలను పాఠాంతరాలు అంటారు. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి ప్రతులు సేకరింపజేసి, వాటిని సరిపోల్చి శుద్ధప్రతులు రాయించిన నాటి నుంచి పాఠాంతరం చూడకుండా కావ్యాన్ని పరిష్కరించడం తగదన్న నియమం తెలుగు పండిత లోకంలో స్థిరపడింది. ఆ తేడాల్లో ఎక్కువ భాగం లేఖకుల చేతిలో పుట్టినవి. డెమోకూ ఆల్బమ్‌కూ మధ్య ఉన్న తేడాలు అలాంటివి కావు, కర్త తానే ఆలోచించి, వద్దనుకుని, మార్చుకున్నవి. అంచేత విలువలో ఇవి ఒక మెట్టు పైనే ఉంటాయి. పద్యానికి ఇంత పట్టింపు ఉన్న భాషలో పాటకు మాత్రం చివరి రూపం ఒక్కటి మిగిలితే చాలుననుకోవడం విచారించదగ్గ విషయం.

ఈ సంగతిని బాపట్ల జిల్లాలోని వేమూరు ప్రాంతం నుంచి ఆలోచించడానికి బలమైన కారణం ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న ఈ కృష్ణా డెల్టా పల్లెలు వరికీ పసుపుకూ ఎంత పేరుపడ్డాయో గొంతులకూ అంతే పేరుపడ్డాయి. యముడిగా, కంసుడిగా రంగస్థలాన్నీ తొలి తెలుగు టాకీలనూ దద్దరిల్లజేసిన వేమూరి గగ్గయ్య పుట్టింది వేమూరులోనే. స్త్రీ పాత్రలకు పెట్టింది పేరైన స్థానం నరసింహారావు బాపట్లలో పుట్టి, తెనాలి శ్రీరామవిలాస సభ నాటకాలతో ఆంధ్రదేశమంతటికీ తెలిసినవారు. తెలుగు సినిమాలో తొలి నేపథ్య గాయకుడిగా పేరు పొందిన ఎం.ఎస్. రామారావు స్వగ్రామం అమృతలూరు దగ్గరి మోపర్రు. దక్షిణాది భాషలన్నిటా వేలాది పాటలు పాడిన ఎస్. జానకి 1938లో పుట్టింది రేపల్లె దగ్గరి పల్లపట్లలో. ఇందరు పుట్టిన నేల మీద, వీరి ముందు తరాల పాటకు మిగిలిన ఆధారం మాత్రం గ్రామఫోను పళ్లెంలో పట్టినంతే.

ఆ పళ్లెంలో ఎంత పట్టేదో కొంచెం దగ్గరగా చూడాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే 10 అంగుళాల రికార్డు ఒక పక్కన సుమారు మూడు నిమిషాల శబ్దాన్ని మాత్రమే నిలుపుకోగలదు. రంగస్థల నటుడు పద్యం ఎత్తుకుంటే ముందు హార్మోనియం మీద శృతి చూసుకుని, రాగాన్ని ఛాయామాత్రంగా పరిచి, పద్యం నాలుగు పాదాలూ చదివి, చివరి పాదం మీద ఆలాపన సాగించి, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటినుంచి అందుకునేవాడు. ఒకే పద్యం ఒక రాత్రి పాడినట్టు మరో రాత్రి ఉండేది కాదు. ఆ నటుడే రికార్డింగు గదిలో నిలబడితే ఆలాపన కుదించాలి, వేగం పెంచాలి, మూడు నిమిషాలు కాకముందే ముగించాలి. మైనం పళ్లెం మీద సూది గీసిన గీతను చెరిపి తిరిగి గీయడం సాధ్యం కాదు గనుక తప్పు జరిగితే ఆ మైనం పక్కన పెట్టి ఇంకొకటి తీయవలసిందే. 1925 ప్రాంతంలో విద్యుత్ మైక్రోఫోను వాడుకలోకి వచ్చేదాకా గాయకులు ఒక పెద్ద బాకా ఎదుట నిలబడి గొంతెత్తి పాడవలసి వచ్చింది. ఇన్ని నిర్బంధాల మధ్య తయారైన రికార్డునే ఆ గాయకుడి పాట అనుకుని వినడం తరువాతి తరాలకు అలవాటైపోయింది.

స్థానం నరసింహారావు విషయం ఇంకా ఆలోచింపజేస్తుంది. శ్రీకృష్ణ తులాభారం నాటకంలో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాటను తన అభినయానికి అనువుగా ఆయనే సమకూర్చుకున్నారని నాటకరంగంలో ప్రతీతి. ఒకే పాదాన్ని ఎన్నో మార్లు తిప్పి పాడుతూ, పాడిన ప్రతిసారీ గర్వం, అలక, మురిపెం, ధీమా వేర్వేరుగా పలికించేవారని చూసినవారు రాశారు. 1966లో వచ్చిన సినిమాలో ఆ పాటను పి. సుశీల పాడారు, తెలుగు ఇళ్లన్నిటికీ ఆ రూపంలోనే అది చేరింది. ఒక నటుడు తన పాటను తానే తయారుచేసుకుంటున్నప్పుడు ఏ పాదాన్ని ఎన్ని విధాలుగా పలికి చూశాడో, ఏది వదిలి ఏది నిలుపుకున్నాడో ఆ రోజుల్లో ఏ యంత్రమూ ఇంటికి వచ్చి పట్టుకోలేదు. ఇంట్లో రికార్డు చేసుకునే వీలు లేని కాలంలో పాట తయారీ అంతా గాలిలో కలిసిపోయేది.

ఎం.ఎస్. రామారావు ఉదాహరణ వర్తమానానికి మరింత దగ్గరది. 1944 నాటి తహసీల్దార్ చిత్రంతో నేపథ్య గాయకుడైన ఆయన, తరువాతి కాలంలో రామాయణ సుందరకాండను సరళమైన తెలుగు గేయంగా తానే రాసి, తానే వరుస కట్టి, తానే పాడి, సుందరదాసు అన్న పేరుతో ప్రజల్లో నిలిచిపోయారు. మోపర్రు మొదలుకొని తెలుగువారున్న చోటల్లా గుళ్ల మైకుల్లో తెల్లవారుజామున వినిపించే ఆ గానంలో ఆర్భాటమైన వాద్యబృందం ఉండదు, గొంతూ కథా కలిసి ముందుకు నడుస్తాయి. నేడు ఇండీ అనే మాటతో గుర్తిస్తున్న లక్షణాలన్నీ, అంటే రచన, బాణీ, గానం ఒకే చేతిలో ఉండడం, వ్యాపారపు లెక్కకు లొంగని నిడివి, తక్కువ వాద్యాలు, ఆ కృతిలో ఉన్నాయి. తెలుగులో స్వతంత్ర ఆల్బమ్ చరిత్ర రాసేవారు సినిమాపాట పక్కన చిన్న అధ్యాయంగా కాకుండా, ఇలాంటి కృతి దగ్గర మొదలుపెట్టడం న్యాయం.

పాట తయారీని ఇంట్లోనే పట్టుకోగల యంత్రం రావడానికి అయస్కాంత టేపు, ఆపైన 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన క్యాసెట్ కారణం. అయితే మామూలు క్యాసెట్ రికార్డరు ముందున్న శబ్దమంతటినీ ఒకేసారి కలిపి పట్టేది. గొంతు మీద హార్మోనియం, దాని మీద తబలా విడివిడిగా చేర్చాలంటే స్టూడియోకు వెళ్లవలసిందే. జపానుకు చెందిన టియాక్ సంస్థ 1979లో తెచ్చిన పోర్టాస్టూడియో 144 ఈ హద్దును చెరిపేసింది. క్యాసెట్ టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది, ఆ వెడల్పులోనే ఒక పక్కకు రెండు, రెండో పక్కకు రెండు చొప్పున నాలుగు శబ్దపు దారులు ఉంటాయి. ఈ దారులనే ట్రాకులు అంటారు. పోర్టాస్టూడియో టేపును తిప్పి పెట్టే పని లేకుండా నాలుగు ట్రాకులనూ ఒకే దిశలో వాడుకుంటుంది. పైగా శబ్దం స్పష్టంగా పడటానికి టేపును రెట్టింపు వేగంతో నడుపుతుంది. దాంతో గంట క్యాసెట్‌లో పావుగంట సంగీతమే పడుతుంది. అయినా మొదటి ట్రాకులో గిటార్ వాయించి, దాన్ని వింటూ రెండో ట్రాకులో పాడి, మూడో ట్రాకులో తన గొంతుకే తాను వంత పాడి, ఈ మూడింటినీ కలిపి నాలుగో ట్రాకులోకి ఎక్కించి, ఖాళీ అయిన మూడు ట్రాకుల్లో మళ్లీ కొత్త శబ్దాలు నింపుకోవచ్చు. ఇలా కలిపి ఎక్కించిన ప్రతిసారీ టేపు సహజంగా చేసే బుస శబ్దం కొంత పెరుగుతుంది. పాత ఇంటి డెమోల అడుగున వినిపించే సన్నని హోరు అదే.

ఈ యంత్రం మీద తయారైన ఇంటి రికార్డింగుల్లో అందరికంటె ఎక్కువ చర్చకు వచ్చింది అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ది. ఆయన ఇండీ కళాకారుడు కాడు, పెద్ద కంపెనీ గాయకుడే. అయినా ఇంటి డెమోకు ఉన్న బలం లోకానికి తెలియడానికి ఆయన ఆల్బమే కారణమైంది. 1982 జనవరి మొదటివారంలో, న్యూజెర్సీ రాష్ట్రం కోల్ట్స్ నెక్‌లో తాను అద్దెకుంటున్న ఇంటి పడకగదిలో, రెండు మామూలు మైకులు పెట్టుకుని, సహాయకుడొకరు యంత్రం చూస్తుండగా, గిటారూ మౌతార్గానూ వాయిస్తూ ఆయన కొత్త పాటలు పాడారు. వాటిని కలిపి ఎక్కించింది నీళ్లలో పడి పాడైన ఒక పాత టేప్ రికార్డరు మీద. ఆ క్యాసెట్‌ను పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకుని కొన్నాళ్లు తిరిగినట్టు ఆయనే చెప్పారు. తరువాత న్యూయార్క్ స్టూడియోలో పూర్తి బృందంతో అవే పాటలను మళ్లీ రికార్డు చేశారు. పాటలు బలంగా వచ్చాయి గాని, నేరమూ పేదరికమూ ఒంటరితనమూ నిండిన ఆ కథల్లోని దిగులు ఆ రికార్డింగుల్లో నిలవలేదు. చివరికి జేబులోని క్యాసెట్‌నే ఆల్బమ్‌గా విడుదల చేయాలని నిశ్చయించి, మెత్తగా పడిన ఆ శబ్దాన్ని రికార్డు పళ్లెం మీదికి ఎక్కించడానికి ఇంజనీర్లు నానా తంటాలు పడి, 1982 సెప్టెంబరు 30న నెబ్రాస్కా అన్న పేరుతో విడుదల చేశారు.

ఈ కథను చెప్పేవారు సాధారణంగా ఇక్కడే ఆగి, ఇంటి రికార్డింగు ముందు స్టూడియో ఎందుకూ పనికిరాదన్న తీర్మానానికి వస్తారు. అది సగం నిజమే. అదే సమయంలో, అదే గదిలో పాడిన డెమోల్లో బోర్న్ ఇన్ ద యూఎస్ఏ పాట తొలి రూపం కూడా ఉంది. ఆ పాటను మాత్రం నెబ్రాస్కాలో చేర్చలేదు. బృందంతో, పెద్ద డప్పు మోతతో చేసిన రూపమే 1984లో అదే పేరున్న ఆల్బమ్‌లో వెలువడి లోకమంతా మోగింది. ఒంటరి గిటార్ మీద పాడిన డెమో 1998 దాకా బయటికి రాలేదు. ఒకే గాయకుడు, ఒకే యంత్రం మీద చేసిన డెమోల్లో కొన్ని అలాగే ఉండాలని, ఒకటి మారి తీరాలని తేల్చుకున్నాడన్నమాట. డెమో గొప్పదా, ఆల్బమ్ గొప్పదా అన్న ప్రశ్నకు సాధారణ సూత్రం లేదని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు. ఏ పాటకు ఆ పాటే తేల్చవలసిన విషయమిది, తేల్చడానికి రెండు రూపాలూ మిగిలి ఉండాలి.

రెండు రూపాలనూ శ్రోతల ముందు పెట్టే ధైర్యం చేసిన కళాకారిణి ఇంగ్లండుకు చెందిన పి.జె. హార్వీ. డోర్సెట్ పల్లెప్రాంతంలో పెరిగిన ఆమె, 1993లో రిడ్ ఆఫ్ మి అన్న ఆల్బమ్‌ను స్టీవ్ ఆల్బినీ అనే ఇంజనీరు చేత రికార్డు చేయించి విడుదల చేశారు. అదే సంవత్సరం కొన్ని నెలలు గడిచాక, ఆ పాటల్లో ఎనిమిదింటికి తాను ఇంట్లో ఒంటరిగా చేసుకున్న డెమోలను, ఆల్బమ్‌లో లేని మరి ఆరు పాటలతో కలిపి, ఫోర్ ట్రాక్ డెమోస్ పేరుతో విడిగా వెలువరించారు. ఆల్బమ్‌లో గొంతు గుసగుసగా మొదలై, డ్రమ్స్ మోతతో ఒక్కసారిగా మీదపడుతుంది. డెమోల్లో మోత తక్కువ, మాట ఎక్కువ. వంత గొంతులు కూడా ఆమెవే కావడం వల్ల పాటలో ఒకే మనిషి తనతో తాను వాదించుకుంటున్నట్టు ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన విన్నవారికి పాట అంటే వరుసా మాటలూ మాత్రమే కాదని, గదీ దూరమూ ఒంటరితనమూ కూడా అందులో భాగమని అర్థమవుతుంది. ఆమె ఆల్బమ్ వేడి చల్లారకముందే ఈ పని చేయడం మెచ్చుకోదగినది.

తెలుగు డెమోల్లో వెతకవలసిన విషయం మరొకటి ఉంది, అది ఈ భాష స్వభావంతో ముడిపడినది. సినిమాలోనైనా విడి ఆల్బమ్‌లోనైనా నేడు ముందు బాణీ, తరువాత మాట అన్న పద్ధతి ఎక్కువ. బాణీ కట్టినవారు తానన అనో, అర్థం లేని డమ్మీ మాటలతోనో పాడి ఇస్తే, గేయకర్త దానికి సరిపడే సాహిత్యం రాస్తారు. తెలుగులో గురులఘువులు, అంటే దీర్ఘంగా పలికే అక్షరాలు, పొట్టిగా పలికే అక్షరాలు, తారుమారైతే మాట అర్థమే చెడుతుంది. పైగా తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి గనుక, పల్లవి చివర పైస్వరం మీద నిలపవలసి వచ్చినప్పుడు ఆకారం దొరికిందా, ఇకారం దొరికిందా, ఉకారం దొరికిందా అన్నదాన్ని బట్టి గొంతు తెరుచుకోవడమో బిగుసుకోవడమో జరుగుతుంది. డెమోలో బాణీకర్త ఆ స్వరం మీద ఆ అని నోరారా నిలిపి, పూర్తయిన పాటలో అక్కడ ఇకారంతో ముగిసే మాట పడితే, గాయకుడు ఆ చోట ఎందుకు కొంచెం తగ్గి పాడాడో డెమో వింటే తెలుస్తుంది. కొన్నిసార్లు అర్థం లేకుండా దొర్లిన డమ్మీ మాటే గేయకర్తకు దారి చూపి పల్లవిగా స్థిరపడుతుంది. గేయరచన నేర్చుకునే యువకులకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకం లేదు.

నేడు వేమూరు చుట్టుపక్కల పల్లెలో పాట కట్టే యువతీయువకులకు పోర్టాస్టూడియో అవసరం లేదు. సెల్‌ఫోను, దానికి తగిలించే చిన్న మైకు, లేదా కంప్యూటరుకూ మైకుకూ మధ్య శబ్దాన్ని అంకెలుగా మార్చి అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె ఉంటే, నాలుగు కాదు, నలభై ట్రాకులు వేసుకోవచ్చు. కష్టమంతా గదితోనే. మైకు ముందు కూర్చోవాలంటే ఫ్యాను ఆపాలి, ఫ్యాను ఆపితే డెల్టా ఉక్కపోత. గోడల మోత తగ్గడానికి పరుపును నిలబెట్టి, తలుపుకు దుప్పటి కట్టి, పగలు కోత యంత్రాల రొదా, సాయంత్రం గుడి మైకూ ఆగాక రాత్రి మొదలుపెడితే, చేల నుంచి కప్పల బెకబెకలు, తెనాలి - రేపల్లె లైను మీద రైలు కూత. వీటన్నిటినీ తుడిచి శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఆల్బమ్‌కు అది వాడుకోవచ్చు కూడా. డెమోలో మాత్రం వాటిని తుడవకపోవడమే మంచిది. ఆ పాట ఏ ఊళ్లో, ఏ రుతువులో, ఏ వేళ పుట్టిందో ఆ శబ్దాలే చెబుతాయి, అంతటి సాక్ష్యాన్ని చేతులారా పోగొట్టుకోవడం ఎవరికీ లాభం కాదు.

పోగొట్టుకోవడం మాత్రం మునుపటికంటె తేలికైంది. టేపు ఖరీదైన రోజుల్లో ప్రసారమైన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపు మీద మరొకటి రికార్డు చేయడం ఎన్నో దేశాల ప్రసార సంస్థల్లో ఉన్న అలవాటే, దానివల్ల పోయిన సంగీతానికి లెక్క లేదు. ఇళ్లలోని క్యాసెట్లకు ఈ తేమ నేలలో బూజు పడుతుంది, టేపు అంటుకుపోతుంది. ఫోను విషయానికి వస్తే, కొత్తది కొన్న రోజునో పాతది నీళ్లలో పడిన రోజునో ఏళ్ల తరబడి పాడుకున్న పాటలు ఒక్కసారిగా పోతాయి. వాట్సాప్‌లో గొంతు సందేశంగా పంపిన పాట కుదింపుకు గురై, అంటే పరిమాణం తగ్గించడానికి కొంత శబ్ద సమాచారాన్ని పారేసి చేరుతుంది గనుక, దాన్నే మూలప్రతిగా నమ్ముకోవడం సరికాదు. కుదింపు లేని వేవ్ ఫైలుగా మొదటి రికార్డింగును దాచి, రెండు వేర్వేరు చోట్ల నకళ్లు ఉంచుకుంటే చాలావరకు నష్టం తప్పుతుంది. విడుదల చేయాలా వద్దా అన్నది తరువాతి మాట. ప్రతి డెమో విడుదలకు అర్హమైనది కాదు, ప్రతి డెమో దాచడానికి మాత్రం అర్హమైనదే.

బాపట్ల జిల్లాలోనే, చీరాల పక్కన వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. ఏనాటివో పత్రికల సంపుటాలను, చదివి పారేసేవే అని లోకం అనుకునే కాగితాలను, ఆ ఊరివారు ఓపికగా దాచడం వల్లనే ఎందరో పరిశోధకులు తెలుగు పత్రికల చరిత్ర రాయగలిగారు. శబ్దానికి కూడా అలాంటి గది ఒకటి తెనాలిలోనో వేమూరులోనో ఏర్పడటానికి పెద్ద భవనమేమీ అక్కరలేదు, ఒక కంప్యూటరూ, కొన్ని హార్డ్ డిస్కులూ, వాటిని చూసుకునే ఒకరిద్దరు మనుషులూ చాలు. అక్కడికి చేరే ప్రతి రికార్డింగుతో పాటు పాడినవారి పేరు, ఊరు, తేదీ, శృతి, వాడిన వాద్యం, ఆనాటికి మాటలు ఎవరు రాశారు, డమ్మీ మాటలైతే అవి డమ్మీవేనన్న సంగతి, ఒక కాగితం మీద తెలుగులో రాసి ఉంచాలి. అదే పాట తరువాత ఆల్బమ్‌లోకి వెళితే ఆల్బమ్ పేరూ సంవత్సరమూ ఆ కాగితం కిందనే చేర్చాలి.